మోటారు సైకిలు మానిన కార్యదర్శి

చేనేత సహకార సంఘపు కార్యదర్శి యనగా మన ప్రాంతములలో రెండు చక్రముల బండి మీద తిరుగుచుండు మనిషి అని అర్థము. పద్దులు వ్రాయుట సగము పని, తక్కిన సగము దారి మీదనే జరుగును. పట్టు, జరీ మగ్గము వద్దకు చేర్చవలెను, నేసిన చీర తేవలెను, కూలి ముట్టజెప్పవలెను, ఎవరి పడుగు ఎంతవరకు వచ్చినదో కంటితో చూడవలెను. ఇరువది ఏండ్లకు పైగా ఈ పని చేయుచున్న నేను 2022 ఆగస్టు నెల మొదలు మోటారు సైకిలు ఎక్కుట మానినాను. ఎందుకు మానితిరి, మానిన పిమ్మట సంఘము ఎట్లు నడచుచున్నది అని ఇతర ఊళ్ళ సంఘముల వారు పలుమారు అడుగుచున్నారు. ఒక్కొక్కరికి వేరుగా చెప్పుటకంటె మన పత్రికలో వ్రాయుట మేలని మా అధ్యక్షులు సలహా ఇచ్చినారు.

మాది కాంచీపురము. మా సభ్యుల మగ్గములు పట్టణములో కొన్నియే ఉన్నవి. ఎక్కువ భాగము వాలాజాబాదు వైపు, ఉత్తరమేరూరు వైపు, చెయ్యారు దారిలోని పల్లెలలో ఉన్నవి. మా పెద్దల కాలములో నేతగాడే చీరను సంచిలో పెట్టుకొని నడచియో, బస్సు మీదనో సంఘమునకు తెచ్చెడివాడు. తరువాత సైకిలు వచ్చినది. 1980 లో హోసూరు నుండి టీవీయస్ 50 బండి వచ్చిన తరువాత నేతపని ఇండ్లలో దానికి దక్కినంత గౌరవము పెండ్లికుమారునకు కూడ దక్కలేదని మా మేనమామ హాస్యమాడెడివారు. 1985 తరువాత నూరు సీసీ మోటారు సైకిళ్ళు వచ్చినవి. అప్పటినుండి మూట మోయు పని నేతగాని భుజము నుండి దిగి కార్యదర్శి బండి వెనుకకు ఎక్కినది.

ప్రమాదము సంగతి పొడిగించను. 2022 ఆగస్టులో ఒక సాయంకాలము ఉత్తరమేరూరు వైపు నుండి తిరిగి వచ్చుచుంటిని. వెనుక తొమ్మిది పట్టు చీరల మూట త్రాళ్ళతో కట్టియున్నది. తలకు హెల్మెట్టు ఉన్నది, నడుపుచున్న వేగము తక్కువ. మలుపులో దీపములు లేని సరుకు బండి ఒకటి దారి తప్పి నా ప్రక్కకు వచ్చి కొట్టి, నిలువకుండ పోయినది. అది ఎవరిదో నేటివరకు తెలియలేదు. కుడి మోకాలి క్రింది ఎముకలు రెండును విరిగినవి. భుజము ముందరి కాలరు ఎముక విరిగినది. హెల్మెట్టు ఎడమ ప్రక్క నెత్తి నుండి చెవి దాక పగిలినది. తల మాత్రము పగులలేదు.

అక్కడ టీ దుకాణము పెట్టుకొన్న ఒకాయన నన్ను 108 బండి ఎక్కించి, ఆ పిమ్మట చేసిన పని మన వృత్తి వారందరు తెలిసికొనదగినది. మూట విప్పి చీరలు లెక్కపెట్టి, ఒక కాగితము మీద తొమ్మిది అని వ్రాసి, ఇద్దరు మనుష్యుల చేత సంతకములు చేయించి, ఆ రాత్రియే మా అధ్యక్షులకు కబురు చేసి అప్పగించినాడు. లక్ష రూపాయలు దాటిన సరుకు. ఆయనకు పట్టు బేరము తెలియదు; మూటలో ఉన్నది ఎవరిదో అన్నము అని మాత్రము తెలిసినదట. ఒక చీర కొంగున బండి నూనె, నా నెత్తురు అంటినవి. దానిని అమ్ముటకు వీలు కాలేదు. నేసినవారి కూలి కోయవలెనా అని కమిటీలో ఒక మాట వచ్చినది. సరుకు కార్యదర్శి చేతికి ఇచ్చి చీటీ తీసికొన్న క్షణము నుండి అది సంఘపు సరుకే గాని నేతగానిది కాదు అని తీర్మానించి పూర్తి కూలి ఇచ్చినారు. ఈ తీర్మానమును ఇతర సంఘములు కూడ తమ పుస్తకములో వ్రాసికొనుట మంచిది. తరువాత మా సంఘము దారిలోని సరుకునకు బీమా తీసికొన్నది.

కాలిలో కడ్డీ వేసినారు. నడచుటకు ఐదు నెలలు పట్టినది. మా ఇంట ఒక మగ్గము కలదు, నా భార్య నేయును; కోర్వై అంచునకు ప్రక్క నాడె వేయు మనిషిగా ఉదయము పూట నేనే కూర్చుండెడివాడను. నేను మంచము పట్టగానే ఆ మగ్గము కూడ రెండున్నర నెలలు నిలిచినది. పడుగు మీద ఒక చీర పూర్తియై, రెండవ దాని సగము ఆగిపోయినది. దెబ్బ తగిలినది ఒక్కనికి, కూలి నిలిచినది ఇద్దరికి. మనస్సులో లెక్క వేసికొనుటకు మంచము మీద కావలసినంత తీరిక దొరికినది. నాకు భయము లేదని చెప్పను; ఇప్పటికిని వెనుక లారీ కూత వినబడిన యెడల అరచేయి చెమర్చును. కాని మానుటకు కారణము భయము కాదు. దారి మీద నా జాగ్రత్త నా చేతిలో ఉన్నది, ఎదుటివాని దీపము నా చేతిలో లేదు. నెలకు వేయి కిలోమీటర్లకు పైగా తిరుగువానికి ఈ లెక్క ఒకనాడు తప్పక తగులును.

2022 వ సంవత్సరములో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయినట్లు కేంద్ర ప్రభుత్వపు నివేదిక. అందులో నూటికి నలుబది నాలుగు మందికి పైగా రెండు చక్రముల బండ్ల వారే. హెల్మెట్టు లేక చనిపోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. ఈ చివరి అంకెను ఇంటిలోని స్త్రీలు చూడవలెను. మన ఇండ్లలో ముందు కూర్చున్న మగవానికి హెల్మెట్టు, వెనుక కూర్చున్న ఆడమనిషికి ఒడిలో బిడ్డ, చేతిలో మూట!

హెల్మెట్టు ఎట్లు వచ్చినదో చెప్పు కథ ఒకటి ఆసుపత్రిలో చదివితిని. లారెన్సు అను ఆంగ్లేయుడు, మొదటి ప్రపంచ యుద్ధములో అరబ్బు దేశములలో పేరుపడినవాడు, 1935 మే 13 న ఇంగ్లండులో తన మోటారు సైకిలు మీద పోవుచు, సైకిళ్ళ మీద వచ్చుచున్న ఇద్దరు పిల్లలను తప్పించబోయి పడి, ఆరు దినములకు చనిపోయినాడు. తలకు ఏమియు లేదు. ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కేయిర్న్సు అను మెదడు శస్త్రవైద్యుడు ఈ మరణమును మరువక, సైన్యములో మోటారు సైకిలు నడుపువారి తల గాయములను పరిశీలించి 1941 లో ఒక వ్యాసము ప్రకటించినాడు. ఆ పిమ్మటనే బ్రిటిషు సైన్యములో హెల్మెట్టు తప్పనిసరి యైనది. మన దేశములో 1988 మోటారు వాహన చట్టపు 129 వ సెక్షను ఇదే చెప్పుచున్నది. కొనునప్పుడు ఐ.యస్. 4151 అను గుర్తు చూచి కొనవలెను. దారి ప్రక్కన కుప్పపోసి అమ్ము టోపీ పోలీసువారి కొరకే గాని తల కొరకు కాదు.

సరుకు సేకరణ దినము

బండి మానినాను సరే, సరుకు ఎట్లు రావలెను? మొదట ఒక కుర్రవానిని పెట్టి అదే బండి ఇచ్చి పంపుదమని కమిటీలో అన్నారు. నేను ఒప్పుకొనలేదు. నా కాలికి బదులు ఇంకొకరి కాలును దారి మీదకు పంపుటలో న్యాయము కనబడలేదు. చివరకు ఇట్లు ఏర్పాటు చేసినాము. మూడు వైపుల పల్లెలను మూడు కేంద్రములుగా చేసి, ఒక్కొక్క కేంద్రమునకు పక్షమునకు ఒక దినము నిర్ణయించినాము. ఆ దినము చిన్న సరుకు ఆటో ఒకటి బాడుగకు తీసికొని పట్టు, జరీ, కూలి లెక్కలతో పోవుదుము. సభ్యులు చీరలు అక్కడికి తెచ్చి అప్పగింతురు. నడుమ అవసరము పడినచో బస్సు కలదు.

మొదటి రెండు మాసములు తిట్లు తిన్నాము. ఇంటికి వచ్చి తీసికొనిపోవు మనిషి రాకపోయిన యెడల ఎవరికైనను కష్టమే. ఒక పెద్దామె నన్ను చూచి, "ఏమయ్యా, ఇన్నాళ్ళు నువ్వు మా గుమ్మానికొస్తివి, ఇప్పుడు మమ్మల్ని నీ గుమ్మానికి రమ్మంటివి. కాలు నీకా విరిగింది, మాకా?" అన్నది. అందరు నవ్వినారు, నేనును నవ్వితిని. బాడుగ లెక్క కూడ పైకి ఎక్కువగానే కనబడినది. పెట్రోలు, బండి మరమ్మతు, నా ప్రయాణపు భత్యము కలిపి చూచిన యెడల తేడా కొద్దియే అని ఆరు మాసముల పద్దు చూపిన తరువాత ఆ గొడవ ఆగినది.

అనుకొనని లాభము ఒకటి వచ్చినది. నేను బండి మీద ఇంటింటికి పోవు కాలములో చీర అప్పగించువాడు, కూలి తీసికొనువాడు, సంతకము చేయువాడు ఇంటి మగవాడు. మగ్గము మీద కూర్చున్న ఆమె గుంటలో నుండియే, "వచ్చినావా అన్నా" అని పలుకరించి నాడె వేసికొనుచుండెడిది. ఇప్పుడు సేకరణ దినమునకు ఆడవారే ఎక్కువ వచ్చుచున్నారు. 2021 మే నుండి తమిళనాడులో సాధారణ టౌను బస్సులలో స్త్రీలు టిక్కెట్టు లేకుండ ప్రయాణించు ఏర్పాటు వచ్చుట మాకు కలిసి వచ్చినది. వారు వచ్చి ఊరకుండలేదు. జరీ తూకములో ఎంత కోసినారు, పొదుపు క్రింద ఎంత పట్టినారు, పోయిన పండుగకు ఇచ్చిన అడ్వాన్సు ఎంత మిగిలినది అని ఒక్కొక్క అంకెను అడుగుచున్నారు. ఒకామె తన పాసు పుస్తకమును ప్రక్కామె పుస్తకముతో పోల్చి, ఒకే రకపు చీరకు ఇద్దరి కూలిలో ఉన్న వ్యత్యాసమును పట్టినది. విచారించగా ఆమె చీరకు బుటాలు ఎక్కువ ఉండియు తక్కువ రకము క్రింద వ్రాయబడినదని తేలినది. మూడు చీరల బాకీ ఇచ్చినాము. ఇంటింటికి పోయిన కాలములో ఈ రెండు పుస్తకములు ఒకచోట చేరి యుండవు. కార్యదర్శికి ఇది తలనొప్పియే, కాని సంఘమునకు ఆరోగ్యము.

నేతగాని కాలు

కార్యదర్శి కాలు విరిగిన యెడల బల్ల ముందు కూర్చుండి పద్దులు వ్రాయగలడు. నేతగాని సంగతి వేరు. గుంట మగ్గములో రెండు కాళ్ళును గుంటలోనికి దించి త్రొక్కుడు చెక్కలను దినమునకు వేలమారులు త్రొక్కవలెను. జాకార్డు ఉన్న యెడల ఆ బరువు ఇంకను ఎక్కువ. మోకాలు పూర్తిగా మడవకపోయిన యెడల గుంటలోనికి దిగుటయే లేదు. కాలరు ఎముక వంకరగా అతికిన యెడల నాడె వేయు చేయి మధ్యాహ్నమునకే పడిపోవును. వేలి కొన ఒకటి పోయినను తెగిన పోగు ముడివేయలేము. ఊరి వైద్యుడు "నయమైనది" అనుమాటకు మగ్గము వద్ద వేరే అర్థము ఉన్నది.

మా సభ్యుడు ఒకరు, ముప్పది నాలుగేండ్ల వాడు, 2023 లో అత్తవారి ఊరు పోవుచు కారు తగిలి కుడి మోకాలు పోగొట్టుకొన్నాడు. కాలు ఉన్నది, మడవదు. వైద్యులు ఇచ్చిన సర్టిఫికెట్టులో వైకల్యము నూటికి ముప్పది అని ఉన్నది. దాని ప్రకారము నష్టపరిహారము కట్టిన యెడల అతని సంపాదనలో మూడవ వంతు కూడ పోలేదని అర్థము; నిజమునకు అతని మగ్గము మొత్తమే ఆగినది. ఇట్టి కేసులకు ఆధారమైన సుప్రీం కోర్టు తీర్పు ఒకటి కలదు, 2010 అక్టోబరు 18 నాటిది. శరీరమునకు కలిగిన వైకల్యము వేరు, సంపాదించు శక్తికి కలిగిన నష్టము వేరు అని అందులో చెప్పబడినది. ఎడమ చేయి పోయిన వడ్రంగికో, డ్రైవరుకో సంపాదన దాదాపు మొత్తము పోవచ్చును. అదే గుమాస్తాకు ఏమియు పోకపోవచ్చును అని ఉదాహరణ కూడ ఇచ్చినారు. వడ్రంగి ఉన్నచోట నేతగానిని పెట్టి చదువుకొనుడు.

కాని కోర్టు ముందు అతడు నేతగాడని, నెలకు ఇంత సంపాదించినాడని రుజువు కావలెను. ఇక్కడనే సంఘపు పాసు పుస్తకము పనికివచ్చినది. నాలుగేండ్ల కూలి, చీర వెంట చీర, తేదీలతో వ్రాసియున్నది. నన్ను సాక్షిగా పిలిచినారు. గుంట మగ్గము అనగా ఏమి, కాలితో ఏమి పని అని అడిగినప్పుడు కాగితము మీద బొమ్మ గీచి చూపితిని. జడ్జిగారు ఆ కాగితమును దస్త్రములో చేర్పించినారు. తీర్పు రావలసియున్నది. బయటి వ్యాపారస్థునికి నోటి మాట మీద నేయు సోదరులకు ఇట్టి పుస్తకము ఉండదు. కనీసము కూలిని బ్యాంకు ఖాతాలో వేయించుకొన్న యెడల అదియే సాక్ష్యము. దావా వేయుటకు 2022 ఏప్రిలు 1 నుండి ఆరు నెలల గడువు చట్టములోనికి వచ్చినది కాబట్టి ఆలస్యము చేయక న్యాయవాదిని కలియవలెను.

కొట్టిన బండి దొరకని నావంటి వారికి కూడ దారి కలదు. అదే తేదీ నుండి, తెలియని బండి కొట్టి పోయిన యెడల మరణమునకు 2 లక్షలు, తీవ్ర గాయమునకు 50,000 రూపాయలు ఇచ్చు పథకము అమలులోనికి వచ్చినది. అంతకు ముందు 25,000, 12,500 మాత్రమే ఉండెడివి. పోలీసు రిపోర్టు, ఆసుపత్రి కాగితములతో రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టవలెను. నాకు ఆ మొత్తము వచ్చినది. చికిత్స విషయములో తమిళనాడు ప్రభుత్వము 2021 డిసెంబరులో ప్రారంభించిన పథకము క్రింద మొదటి 48 గంటలు నాకు ఖర్చు పడలేదు. కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిషా, యానాము సోదరులు తెలిసికొనవలసినది, 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన పథకములో ప్రమాద దినము నుండి ఏడు దినముల వరకు, లక్షన్నర రూపాయలకు మించకుండ, చేతి డబ్బు కట్టకుండ చికిత్స పొందవచ్చును. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చిన మనిషిని పోలీసువారు పేరు చెప్పుమని గాని సాక్షిగా ఉండుమని గాని బలవంతపెట్టరాదని కూడ 2019 చట్ట సవరణను అనుసరించి చేసిన నియమములలో వ్రాసినారు. మా టీ దుకాణము వారు ఇది తెలియకయే చేసినారు.

బీమా సంగతిలో మన ఇండ్లలో కనబడు ఒక చిక్కు వ్రాయక తప్పదు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా మనవారిలో చాలమందికి ఉన్నది. అది మంచిదే, కాని అందులో డబ్బు వచ్చునది మరణమునకు, లేదా కన్ను, చేయి, కాలు శాశ్వతముగా పనికిరాకుండ పోయినప్పుడు మాత్రమే. ఎముక విరిగి ఆరు మాసములు మంచము పట్టినవానికి అందులో ఏమియు రాదు. ఇక బండితోబాటు తీసికొను 15 లక్షల సొంత ప్రమాద బీమా బండి యజమానికే వర్తించును, అతనికి లైసెన్సు కూడ ఉండవలెను. మన ఇండ్లలో బండి తండ్రి పేరున ఉండును, నడుపువాడు కొడుకు. కొడుకు పడిన యెడల ఆ 15 లక్షలు ఎవరివియు కావు. మరియొకటి, 2018 సెప్టెంబరు తరువాత కొన్న క్రొత్త బండ్లకు ఎదుటివారి బీమా ఐదేండ్లకు ఒకేసారి కట్టించుకొనుచున్నారు. అది చూచి అంతయు ఐదేండ్లకు ఉన్నదని తలచుచున్నారు. సొంత బీమా ఒక ఏడాదికే కట్టియున్న యెడల రెండవ ఏట అది ముగిసిపోయి యుండును. కాగితము తీసి చూచుకొనుడు.

యువకులు నా మాట వినరని నాకు తెలియును. మా నేతగాండ్ర పిల్లలు అనేకులు మగ్గము విడిచి శ్రీపెరుంబుదూరు, ఒరగడము కర్మాగారములకు పోవుచున్నారు. ఒరగడములో 2013 నుండి బుల్లెట్టు బండ్లే తయారగుచున్నవి. ఉదయము చీకటితో లేచి రెండు చక్రముల బండి మీద పోయి, రెండు చక్రముల బండ్లు బిగించి, రాత్రి అదే దారిని తిరిగి వచ్చు కుర్రవానితో బండి మానుమని ఏమి చెప్పగలను? షిఫ్టు ముగిసిన తరువాత కంపెనీ బస్సు ఉన్న యెడల దానిలో రమ్మని మాత్రము చెప్పుచున్నాను. కొందరు వినుచున్నారు.

ఆ మోకాలు పోయిన సభ్యునికి మా సంఘము గుంట లేని ఎత్తు మగ్గము ఒకటి అమర్చి ఇచ్చినది. బల్ల మీద కూర్చుండి కుడి కాలు ముందుకు చాచి, ఎడమ కాలితోనే త్రొక్కునట్లు చెక్కలను మా వడ్రంగి మార్చినాడు. జాకార్డు బరువు తీయలేడు కాబట్టి సాదా ఒడలి చీరలు ఇచ్చుచున్నాము. మునుపు పదునైదు దినములలో నేయు చీరకు ఇప్పుడు ఇరువది ఐదు దినములు పట్టుచున్నది. మొదటి పడుగు మూడు చీరలు ముగించి, రెండవది ఎక్కించినాడు. బండిని అమ్మలేదు, తమ్ముడు నడుపుచున్నాడు. పోయిన సేకరణ దినమున బస్సు దిగి చీర అప్పగించి, బండి పుస్తకము తమ్ముని పేరునకు మార్పించుటకు ఏమేమి కాగితములు కావలెనో వ్రాయించుకొని పోయినాడు.